మగ్గం వర్క్ వ్యాపారం, 3వ పాఠం: రేటు కట్టడం

పోయిన పాఠంలో మొదలుపెట్టిన ఆర్డరు పుస్తకం దగ్గర పెట్టుకోండి, ఈసారి పనంతా దానితోనే.

ఇంట్లో మగ్గం (బట్ట బిగించి చేత్తో ఎంబ్రాయిడరీ చేసే చట్రం) వేసుకుని ఖాళీ వేళల్లో బ్లౌజులు చేసేవాళ్లు చాలామంది పక్క వీధి షాపు రేటు కనుక్కుని, అందులో ఓ మూడొందలు తగ్గించి చెబుతారు. ఆర్డర్లు వస్తాయి, కాదనలేం. మగ్గం ముందు రెండో మనిషిని కూర్చోబెట్టిన రోజున మాత్రం ఆ మనిషికి కూలి ఇచ్చాక మీకేమీ మిగలదు. అందుకే మీ చేతి కూలి వేరుగా, వ్యాపారానికి రావలసిన లాభం వేరుగా మొదటి నుంచే లెక్కకట్టాలి. మీరే కుట్టినా సరే.

చేతులకు బోర్డరు, వెనక మెడకు డిజైను ఉన్న పట్టు బ్లౌజు ఒకటి తీసుకుందాం. ట్రేసింగ్‌కీ (డిజైను బట్టమీదికి దించడం) బట్ట బిగించడానికీ 2 గంటలు, జరీ అవుట్‌లైన్ 4, లోపల నింపడం 9, పూసలు, కుందన్లు 3, వెనక దారాలు ముడివేసి కత్తిరించడం 1. ఇవి అందరూ రాస్తారు. వాట్సాప్‌లో ఫోటోలు పంపుకోవడం, చీర అంచుకు సరిపోయే దారం కోసం షాపులు తిరగడం కూడా పనే, దానికి 3 గంటలు వేయండి. మొత్తం 22. గంటకు 100 చొప్పున కూలి 2,200.

సామాను 450, తరుగు కింద పదోవంతు 45. కరెంటు, ఫోను, సూదులు, డెలివరీ కలిపి నెలకు 2,000 అయి, నెలకు 8 బ్లౌజులు చేస్తుంటే ఒక్కోదానికి 250. కూడితే 2,945. దానిమీద 20 శాతం లాభం 589. మొత్తం 3,534, కాబట్టి 3,550 చెప్పండి. (మీ ఊళ్లో గంట కూలి వేరుగా ఉంటుంది. అంకెలు మార్చండి, వరుస మార్చకండి.)

బేరమాడితే రేటు కోయకండి, పని కోయండి. మెడ చుట్టూ నింపుడు బదులు అవుట్‌లైన్, బుటీలు చాలంటే 5 గంటలు తగ్గుతాయి, అంటే కూలి 500, దానిమీద లాభం 100. అప్పుడు 600 తగ్గించినా లాభం శాతం అలాగే ఉంటుంది.

అడ్వాన్సు సగం. అది చేతికొచ్చాకే బట్టమీద గీత పడాలి. ట్రేసింగ్ పేపరు మీద రుద్దిన పొడి ఒకసారి పట్టుకు అంటితే మరక పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. కాబట్టి డిజైను మార్పులు ట్రేసింగ్‌కు ముందు ఉచితం, తర్వాత డబ్బులకు. ఈ మాట రసీదు మీదే రాయండి, నోటిమాట పెళ్లి హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.

లాభాన్ని నిశ్శబ్దంగా తినేసేవి రెండున్నాయి. కుట్టు గీత మీదికి పూసలు వెళ్తే టైలరు మిషను సూది విరుగుతుంది, పూసలు పగులుతాయి, మళ్లీ కుట్టే ఖర్చు మీది. ఆ గీతకు అటూ ఇటూ అర అంగుళం ఖాళీ వదలండి. రెండోది రంగు దిగడం. బట్ట మూల తడిపి తెల్ల గుడ్డతో ఒత్తి చూడండి, రంగు అంటితే పని మొదలుపెట్టే ముందే కస్టమరుకు చూపించండి.

ఇక ఆ 589 ఖర్చు పెట్టేసుకోవద్దు, వేరే ఖాతాలో వేయండి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, బ్లౌజులూ తగ్గుతాయి. అప్పుడు ఈ డబ్బుతోనే మనిషికి జీతమిచ్చి, నెట్ గుడ్డ మీద చేతుల ప్యాచ్‌లు చేయించి టైలర్లకు అమ్మవచ్చు. సీజన్లో అర్జెంటు ఆర్డరుకు 25 శాతం అదనంగా అడగండి, ఇస్తారు.

అభ్యాసం: వచ్చే మూడు బ్లౌజులకు ఒక్కో దశకు పట్టిన గంటలు గడియారం చూసి ఆర్డరు పుస్తకంలో రాయండి. వాటిలో నింపుడు గంటలు ఎక్కడ ఎక్కువైతే ఆ డిజైను రేటు ముందు సవరించండి. కారిగరుకు (కూలికి పెట్టుకున్న పనిమనిషికి) మగ్గం మీద ఏ పని అప్పగించాలో వచ్చే పాఠంలో ఈ లెక్క చూసే తేలుస్తాం.