మాజ్దా 13బీ రోటరీ ఇంజిన్ ఇన్‌టేక్ పోర్టు (గాలి లోపలికి వచ్చే దారి) కొయ్యబోయే ముందు ఇవి చూసుకోండి

ఇంజిన్ విప్పాక గ్రైండర్ పట్టుకోవడానికి చెయ్యి దురదపెడుతుంది, తెలుసు. ఒక్క గంట ఆగండి, ఎందుకంటే కోసిన ఇనుము తిరిగి రాదు.

మొదట వాటర్ జాకెట్. సైడ్ హౌసింగ్‌లో, అంటే రోటర్‌కు (పిస్టన్ బదులు తిరిగే మూడు మూలల ముక్క) పక్కనుండే ఇనుప ప్లేటులో, పోర్టు గోడ వెనకాలే నీళ్ల దారి ఉంటుంది, చిల్లు పడితే ఆ ప్లేటు దాదాపు పోయినట్టే.

బయటి అంచు పెంచొద్దు. కార్నర్ సీల్‌కు (రోటర్ మూలల దగ్గర ఉండే చిన్న సీల్) కింద ఆనుకునే చోటు లేకపోతే అది పోర్టులో పడి విరుగుతుంది. లోపలి అంచు ఆయిల్ రింగ్ (రోటర్ పక్కన ఆయిల్‌ను ఆపే రింగ్) తిరిగే దారిలోకి పోతే పొగ, ఆయిల్ ఖర్చు తప్పవు.

పోర్టు మూసుకునే అంచును (రోటర్ చివరగా కప్పే అంచు) పైకి జరపకండి, చాలామంది పొరపాటు ఇక్కడే. ఆలస్యంగా మూసుకుంటే పై ఆర్‌పీఎమ్‌లో పవర్ వస్తుంది గానీ కింద టార్క్ పోతుంది, పీల్చిన గాలి కొంత వెనక్కి వెళ్లిపోతుంది. మీకు కావలసింది టార్క్, మైలేజీ అయితే టైమింగ్ అలాగే ఉంచి లోపలి వంపు, కాస్టింగ్ గరుకు సరిచేయండి. బ్రిడ్జ్ పోర్ట్ (మధ్యలో సన్నటి ఇనుప వంతెన వదిలి పక్కన ఇంకో చిల్లు కొయ్యడం) జోలికి అసలు పోవద్దు, ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం) పెరిగి పెట్రోలు వృథా అవుతుంది. మాజ్దా 2003లో ఆర్‌ఎక్స్-8 కారుకి ఎగ్జాస్ట్‌ను పక్క ప్లేట్లలోకి మార్చి ఆ ఓవర్‌ల్యాప్‌నే తీసేసింది.

రెండు రోటర్లకూ ఒకే టెంప్లేట్ వాడండి, తేడా వస్తే ఐడిల్ కుదరదు.

అంచులకు సన్నగా చాంఫర్ (వాలు) ఇవ్వండి, లేదంటే రోటర్ పక్కనుండే సైడ్ సీల్ తగులుకుంటుంది.

ఇనుప రజను పూర్తిగా కడగండి, బేరింగ్‌లోకి పోతే అంతే.

బిగించాక మిక్స్చర్ ట్యూన్ చేయకుండా గట్టిగా తొక్కొద్దు. లీన్ (పెట్రోలు తక్కువ) అయితే డెటొనేషన్ (మిక్స్చర్ అదుపు లేకుండా పేలడం) వచ్చి ఎపెక్స్ సీల్ (రోటర్ కొస మీది సీల్) విరుగుతుంది.