ఎఫెక్ట్ కుదరని ఫొటోలు: సమస్య - పరిష్కారం

ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా ఎప్పుడూ మామూలు ఫొటో ఇవ్వాలనే చూస్తుంది. వెలుగు మధ్యస్థంగా ఉండాలి, ఏదీ చెదరకూడదు, నీడలో ఉన్నది కూడా కనబడాలి. మనకు కావాల్సింది మామూలు ఫొటో కానప్పుడు ఆ సాయమే అడ్డం పడుతుంది. కింది తిప్పల్లో చాలావాటికి మూలం అదే కాబట్టి, కొత్త లెన్స్ గురించి ఆలోచించే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: సూర్యాస్తమయం ఎదుట మనిషి నల్లటి ఆకారంగా రావాలి. మొహం సగం కనబడుతూ, ఆకాశం తెల్లగా వచ్చింది

కారణం: కెమెరాలో వెలుగును కొలిచే మీటర్ దేన్ని కొలిస్తే దాన్ని మధ్యస్థ బూడిద రంగు స్థాయికి తెస్తుంది. ఇక్కడ అది మనిషిని కొలిచింది. ఫోన్‌లో అయితే హెచ్‌డీఆర్ (వెలుగు, నీడ రెండూ కనబడేలా ఫొటోల్ని కలిపే పద్ధతి) నీడల్ని ఇంకాస్త పైకి లేపుతుంది.

పరిష్కారం: సూర్యుడి పక్కన వెలుగున్న ఆకాశాన్ని కొలిచి, ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) లాక్ చేసి, ఫ్రేమ్ మళ్లీ సరిచేసుకోండి. లేదా ఆ వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 1, మైనస్ 2 దాకా తగ్గించండి. ఫోన్‌లో హెచ్‌డీఆర్ ఆపే వీలుంటే ఆపి, ఆకాశం మీద ట్యాప్ చేసి బ్రైట్‌నెస్ కిందికి జరపండి. అయినా ఆకారం నల్ల ముద్దలా ఉంటే లోపం వెలుగుది కాదు, నిలబడిన తీరుది. చేతులు ఒంటికి దూరంగా ఉండాలి, మొహం పక్కకు తిరగాలి. మీరు కింద కూర్చుని తీస్తే మనిషి పూర్తిగా ఆకాశం మీదికి వస్తాడు.

సమస్య: ప్యానింగ్‌లో (కదిలేదాని వెంట కెమెరా తిప్పుతూ తీయడం) వెనకాలంతా గీతలుగా వచ్చింది కానీ సైకిల్ కూడా చెదిరింది

కారణం: సైకిల్ వేగం, మీరు కెమెరా తిప్పిన వేగం కలవలేదు. ఎక్కువమంది బటన్ నొక్కగానే కెమెరా ఆపేస్తారు. షట్టర్ ఇంకా తెరిచే ఉంటుంది కదా, ఆ ఆగడమే ఫొటోలో పడుతుంది. మామూలు మోడ్‌లో ఉన్న స్టెబిలైజర్ (చేతి వణుకును సరిచేసేది) కూడా మీ కదలికను వణుకు అనుకుని ఎదురు లాగవచ్చు.

పరిష్కారం: పాదాలు ఫొటో తీయబోయే చోటు వైపు పెట్టి నడుమును మాత్రమే తిప్పండి. సైకిల్ దూరంగా ఉన్నప్పుడే వెంబడించడం మొదలుపెట్టి, క్లిక్ అయ్యాక కూడా కాసేపు తిప్పుతూనే ఉండండి. ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలేదాన్ని వెంటాడేలా ఉండాలి. స్టెబిలైజర్‌కు ప్యానింగ్ మోడ్ ఉంటే అదే వాడండి, అది పైకీ కిందికీ వచ్చే కుదుపును మాత్రమే ఆపుతుంది. షట్టర్ వేగం సైకిల్‌కు 1/30 సెకను, కారుకు 1/60 సెకను దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. ఏదీ చెదరకుండా అంతా స్పష్టంగా వస్తే షట్టర్ వేగం ఇంకా తగ్గించాలని అర్థం. బండి మీకు ఎదురుగా వస్తుంటే ఎంత తిప్పినా లాభం లేదు, అడ్డంగా వెళ్తున్నప్పుడే ఇది కుదురుతుంది.

ఎండలో ఇంకో చిక్కుంది. ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం సైజు, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) దగ్గర సరిపోయే షట్టర్ సుమారు 1/100. దాన్ని 1/30కి తెస్తే దాదాపు రెండు స్టాప్‌ల వెలుగు ఎక్కువైపోతుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం). నీడలోకి మారండి, లేదా వెలుగును రెండు స్టాప్‌లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి. ఇన్ని చేసినా పదుల ఫొటోల్లో ఒకటో రెండో నిలుస్తాయి, చేయి తిరిగినవాళ్లకు కూడా.

సమస్య: లాంగ్ ఎక్స్‌పోజర్‌లో (షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసే ఫొటో) నీళ్లు బాగున్నాయి, రాళ్లు మసకగా ఉన్నాయి

దీనికి ఒకటే కారణం ఉండదు, వరుసగా చూసుకుంటూ రావాలి.

మొదట ఫోకస్. పది స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ వెలుగును దాదాపు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది, ఆ చీకట్లో ఆటో ఫోకస్ తడుముకుంటుంది. ఫిల్టర్ పెట్టకముందే ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. తర్వాత స్టెబిలైజర్. ట్రైపాడ్ మీద కొన్ని కెమెరాల్లో అది లేని వణుకును వెతుక్కుంటుంది కాబట్టి ఆపేయడం మేలు. బటన్ వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ వాడండి. షట్టర్ వేగం తగ్గించడానికి ఎఫ్/22 దాకా వెళ్లారా? అంత చిన్న రంధ్రం దగ్గర డిఫ్రాక్షన్ (అంచుల దగ్గర వెలుగు వంగి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఉండి మిగతాది ఫిల్టర్‌కు వదిలేయండి. లెక్క కూడా సులువే. ఫిల్టర్ లేకుండా 1/60 వస్తే, పది స్టాప్‌లతో సుమారు 17 సెకన్లు.

ఫొటోకు అడ్డంగా తెల్లటి చార వస్తే, డీఎస్‌ఎల్‌ఆర్‌లో వెనక వ్యూఫైండర్ నుంచి వెలుగు దూరుతోందేమో చూడండి, దాన్ని మూసేస్తే పోతుంది. రంగు మారితే అది ఫిల్టర్ పని. రా ఫైల్‌లో (కెమెరా మార్చకుండా ఉంచే ఫైల్) తీసి వైట్ బ్యాలెన్స్ (రంగుల తీరు) తర్వాత సరిచేసుకోవచ్చు.

ఒక మాట. జలపాతానికి 30 సెకన్లు చాలామంది పెడతారు కానీ నీళ్లన్నీ దూదిలా అయిపోతాయి. పావు సెకను నుంచి ఒక సెకను మధ్యలో అయితే ధారలు విడివిడిగా ఉంటాయి, నాకు అదే నచ్చుతుంది.

సమస్య: రాత్రి ఫ్లాష్‌తో తీస్తే బైక్ వెనక్కి వెళ్తున్నట్టుంది

కారణం: ఫ్లాష్ షట్టర్ తెరుచుకోగానే వెలిగింది. బైక్ అక్కడ నిలిచిపోయింది, లైట్ గీత మాత్రం ముందుకు సాగింది.

పరిష్కారం: మెనూలో రియర్ కర్టెన్ సింక్ పెట్టండి. ఫ్లాష్ చివర్లో వెలుగుతుంది, గీత బైక్ వెనకాల ఉంటుంది.

సమస్య: మల్టిపుల్ ఎక్స్‌పోజర్‌లో (ఒకే ఫ్రేమ్‌లో ఒకదాని మీద ఒకటిగా ఫొటోలు తీయడం) మనిషి ఆకారం లోపల ఆకులు రావాలి, అంతా వెలవెలబోయింది

కారణం: రెండు ఫొటోల వెలుగు కూడుకుంటుంది. మొదటి ఫొటోలో తెల్లగా ఉన్నచోట రెండోది కనబడదు, నల్లగా ఉన్నచోటే కనబడుతుంది.

పరిష్కారం: పైన చెప్పినట్టు ముందు నల్లటి ఆకారం తీయండి, వెనక తెల్లటి ఆకాశం ఉండాలి. ఆ తర్వాత ఆకుల్ని ఫ్రేమ్ నిండా తీయండి. ఆకారంలో నలుపు చాలకపోతే ఆకులు పాలిపోతాయి, అప్పుడు మొదటి ఫొటోనే ఇంకో స్టాప్ తగ్గించి మళ్లీ తీయాలి.