ఎర్రనేలలో మెటల్ డిటెక్టర్ గోల ఆగిన తీరు: నా అనుభవం

కొత్తగా కొన్న మెటల్ డిటెక్టర్‌ను అనంతపురం జిల్లాలోని మా ఎర్రనేల చేనులో మొదటిసారి ఆన్ చేసినప్పుడు, కాయిల్ (లోహాన్ని పసిగట్టే అడుగు భాగం) ఎటు తిప్పినా అది ఆగకుండా కూయడంతో, యంత్రం చెడిపోయిందేమోనని రెండు రోజులు బాధపడ్డాను. లోపం యంత్రంలో లేదు. అది ఎర్రమట్టిలోని ఇనుప ఖనిజాలకు స్పందిస్తోంది. ఎక్కువ లోతు పట్టాలన్న ఆశతో సెన్సిటివిటీని, అంటే యంత్రం పసిగట్టే శక్తిని, చివరిదాకా పెంచడం నా పొరపాటు.

ముందుగా దాన్ని సగానికి తగ్గించాను. తరువాత, కింద లోహం లేని చోటు చూసుకొని, మట్టిలోని ఖనిజాలను యంత్రం పట్టించుకోకుండా సరిచేసే గ్రౌండ్ బ్యాలెన్స్ బటన్ నొక్కి పట్టి, కాయిల్‌ను నేలకు అంగుళం ఎత్తు నుంచి జానెడు దాకా నిదానంగా ఎత్తుతూ దించుతూ ఉండగా, ఏడెనిమిది సార్లకు ఆ కూత సన్నగిల్లి ఆగిపోయింది. నాలుగంగుళాల లోతున నేనే పాతిన పసుపురంగు ఐదు రూపాయల బిళ్ల మీదుగా కాయిల్‌ను ఊపితే, రెండు వైపుల నుంచీ ఒకే తీరున నిండైన మోత వచ్చింది. తుప్పుపట్టిన మేకు మాత్రం తెగిపోతూ, ఒక వైపు నుంచే పలికింది. ఈ తేడా చెవికి పట్టుబడడానికి వారం పట్టింది, ఆ వారమే నాకు అన్నిటికంటే ఇష్టం.

వాన పడి మట్టి తడిసిన రోజు బ్యాలెన్స్ మళ్లీ చేసుకోవలసి వచ్చింది. భూమిలో దాగిన 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నందున, ఆ కాగితం ఎలా రాయాలో కూడా ముందే తెలుసుకొని పెట్టుకున్నాను.