లినక్స్‌లో మానిటర్‌ను నిలువుగా తిప్పాక తెర చెదిరితే ఎలా సరిచేయాలి?

పొడవైన వ్యాసాలు దిద్దేవారికి, ప్రోగ్రాములు రాసేవారికి నిలువు మానిటర్ ఎంతో హాయి. అయితే లినక్స్‌లో తెరను తిప్పిన మరుక్షణమే కొన్నిసార్లు విండోల నీడలు నల్లటి పట్టీలవుతాయి, మూసేసిన మెనూ మరక అక్కడే మిగిలిపోతుంది, వీడియో మధ్యలో చీలిక కనిపిస్తుంది. వెంటనే సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడకండి. బొమ్మ ఏ దశలో చెడుతోందో ముందు కనిపెట్టాలి.

అందుకు నేను అన్నిటికంటే నమ్మే పరీక్ష స్క్రీన్‌షాట్. తెర చెదిరి ఉండగానే ఒకటి తీసి, ఫోనుకు పంపి చూడండి. చిత్రంలోనూ మరకలుంటే తప్పు కంపోజిటర్ దగ్గర ఉన్నట్టు. విండోలన్నిటినీ కలిపి, నీడలు, పారదర్శకత అద్ది ఒకే బొమ్మగా కూర్చే భాగం అది. చిత్రం శుభ్రంగా ఉండి తెర మాత్రమే చెదిరితే, కూర్చిన బొమ్మను మానిటర్‌కు చేర్చే డ్రైవర్ వైపు చూడాలి.

కంపోజిటర్‌దే తప్పయితే దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. తెర 1920×1080 నుంచి 1080×1920కి మారినప్పుడు అది తన లెక్కలన్నీ కొత్తగా వేసుకోవాలి. పాత కొలతలు ఎక్కడైనా మిగిలిపోతే మరకలు పడతాయి. తెర మీద విండోలను చూపే పాత వ్యవస్థ అయిన ఎక్స్11 మీద నడిచే కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్12 కలిపి ఒకసారి నొక్కితే నీడలు, పారదర్శకత వంటి ఎఫెక్టులు ఆగుతాయి, మరోసారి నొక్కితే తిరిగి వస్తాయి. ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ ట్యాబ్‌లో టిక్కు తీసి మళ్లీ పెట్టండి. సిన్నమన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ నొక్కితే డెస్క్‌టాప్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన పనులు పోవు.

మరీ పాత యంత్రాల సంగతి వేరు. ఇంటెల్ 945 గ్రాఫిక్స్ చిప్ 2048 పిక్సెళ్లకు మించిన టెక్స్చర్‌ను, అంటే కంపోజిటర్ వాడుకునే బొమ్మను, మోయలేదు. 1920 వెడల్పున్న తెర పక్కన 1080 వెడల్పున్న నిలువు తెర పెడితే మొత్తం 3000 అవుతుంది. అక్కడ ఎఫెక్టులను ఆపేసి వాడుకోవడమే మంచిది.

ఇక డ్రైవర్ వైపు. మానిటర్ తన అసలు వరుసల ప్రకారమే బొమ్మను గీస్తుంది కాబట్టి, తిప్పిన తెర మీద చీలిక గీత కూడా నిలువుగా కనిపిస్తుంది. ఎన్‌విడియా సొంత డ్రైవర్ ఉంటే దాని సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కాన్ఫిగరేషన్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ నొక్కి, ఫోర్స్ ఫుల్ కంపోజిషన్ పైప్‌లైన్ ఎంచుకోండి. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో సేవ్ చేయకపోతే రీస్టార్ట్ తరువాత అది పోతుంది. ఏఎండీ కార్డుల ఎక్స్11 డ్రైవర్‌లో చీలికను అడ్డుకునే టియర్‌ఫ్రీ అనే సదుపాయం తిప్పిన తెరలకు దానంతటదే పనిచేసేలా ఉంటుంది. పాత కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఎవరైనా దాన్ని ఆపి ఉంచారేమో చూడండి. వీటితో కుదరకపోతే లాగౌట్ చేసి, లాగిన్ తెర మీద ఎక్స్11కు బదులుగా వచ్చిన కొత్త వ్యవస్థ వేలాండ్ సెషన్ ఎంచుకుని చూడండి. అక్కడ తెర తిప్పే పని కూడా కంపోజిటర్ చేతిలోనే ఉంటుంది.

మరకలన్నీ పోయాక కూడా అక్షరాల అంచులకు ఎరుపు, నీలం ఛాయలు కనిపిస్తే అది ఎఫెక్టుల లోపం కాదు. ప్రతి పిక్సెల్‌లో పక్కపక్కనే ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు (సబ్‌పిక్సెళ్లు) మానిటర్ తిరిగాక ఒకదాని కింద ఒకటి చేరతాయి. మన ఒత్తులు, గుడుల సన్నని వంపుల్లో ఈ తేడా కళ్లను బాగా అలసటపెడుతుంది. ఫాంట్ సెట్టింగ్స్‌లో సబ్‌పిక్సెల్ క్రమాన్ని మార్చండి. సాధారణ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుస) మానిటర్‌ను సవ్యదిశలో తిప్పితే నిలువు ఆర్‌జీబీ, అపసవ్యదిశలో తిప్పితే దానికి తలకిందులైన నిలువు బీజీఆర్ ఎంచుకోవాలి. ఒక తెర అడ్డంగా, మరొకటి నిలువుగా ఉంటే సబ్‌పిక్సెల్ వాడకాన్నే ఆపేయండి. తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూసి మళ్లీ తెరిచాకే మార్పు కనిపిస్తుంది.