వడదెబ్బ తగిలిన మనిషికి థర్మామీటర్ 99 చూపిస్తే: సమస్య - పరిష్కారం

సమస్య: మే నెల మధ్యాహ్నం తాడిపత్రి వైపు నాపరాయి గనిలో పనిచేసే మనిషి ఉన్నట్టుండి కూలబడతాడు. ఊరి పేరు అడిగితే పొంతన లేని మాట చెబుతాడు. చంకలో పెట్టిన డిజిటల్ థర్మామీటర్ మాత్రం 99.2 చూపిస్తుంది. జ్వరం లేదు కాబట్టి నీరసమేనని తేల్చి, చెట్టు నీడన పడుకోబెట్టి మజ్జిగ పట్టిస్తారు. గనుల దగ్గర ప్రథమ చికిత్స గదుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన నేను ఇప్పటికీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: థర్మామీటర్ పెట్టే ముందు ఇతని మీద నీళ్లు పోశారా? పోశామనే చెబుతారు.

కారణం: నీళ్లు పోయడం సరైన పనే, వడదెబ్బకు అసలు వైద్యం అదే. చిక్కంతా ఆ తర్వాత చర్మం మీద కొలిచిన అంకెను నమ్మడంతో వస్తుంది. మన అనంతపురం ఎండాకాలపు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పిండి ఆరేసిన పంచె చూస్తుండగానే ఆరిపోతుంది. ఆ తడి ఆవిరవుతూ కుండలో నీటిని చల్లబరిచినట్టే మనిషి చర్మాన్నీ చల్లబరుస్తుంది. చంక మడత కూడా చర్మమే. పైగా రక్తపోటు పడిపోయిన మనిషికి చర్మానికి చేరే రక్తం తగ్గుతుంది కనుక, లోపల మెదడూ కాలేయమూ ఉడుకుతున్నా పైన చేతికి చల్లగానే తగులుతుంది. చంక అంకెకు ఒక డిగ్రీ కలుపుకుంటే చాలుననే లెక్క మామూలు జ్వరంలో ఏదో నడుస్తుందేమో గానీ ఇక్కడ పనికిరాదు.

ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. బండలు లోడు చేసే ఒక కుర్రవాణ్ణి మేస్త్రి తడి చొక్కాతోనే తీసుకువచ్చి, "ఒళ్లు సల్లగానే ఉండాది సార్" అన్నాడు. నేను చంకలో చూశాను, 99.4 ఉంది. పడుకోబెట్టి అరగంట గమనిద్దామనుకున్నాను. ఆ అరగంటలోనే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో మలద్వారం ద్వారా కొలిస్తే 106 దాటింది. అతను బతికాడు, కానీ నేను పోగొట్టిన ఆ అరగంటను తలచుకోని ఎండాకాలం లేదు.

పరిష్కారం: ఎండలో పనిచేసిన మనిషి మాట తడబడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, విచిత్రంగా ప్రవర్తించినా, చంక అంకె ఎంతున్నా సరే వడదెబ్బ కిందే లెక్కగట్టి వెంటనే చల్లబరచడం మొదలుపెట్టాలి. శరీరం లోపలి వేడి 104 దాటి, దానితోపాటు తెలివి తప్పడమే వడదెబ్బ. వీటిలో రెండోది చూడటానికి ఏ పరికరమూ అక్కరలేదు. తొట్టి ఉంటే మెడ వరకు చల్లటి నీళ్లలో కూర్చోబెట్టి తల మునగకుండా పట్టుకోవాలి, లేకపోతే ఆపకుండా నీళ్లు చల్లుతూ ఫ్యాను పెట్టి, మెడకూ చంకలకూ గజ్జలకూ మంచు ముక్కలు ఆనించాలి. 108కి ఫోన్ చేయాలి, కానీ బండి వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. తెలివి లేని మనిషి నోట్లో మజ్జిగ పోయకూడదు. పారాసెటమాల్ ఇవ్వడం కూడా దండగ, ఈ వేడికి అది పనిచేయదు.

నిజమైన అంకె కావాలంటే మలద్వారం ద్వారానే కొలవాలి. పెద్దవాళ్లకు వంగే తీగలాంటి ప్రోబ్‌ను 10 నుంచి 15 సెంటీమీటర్లు లోపలికి పంపి, చల్లబరుస్తున్నంతసేపూ అలాగే ఉంచి, 102కు దిగగానే చల్లబరచడం ఆపుతారు. ఇది శిక్షణ ఉన్నవారి పని. కొట్టుకుంటున్న మనిషికి గాజు థర్మామీటర్‌తో ఆ ప్రయత్నం అసలే వద్దు.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది: బాగానే ఉన్న మనిషికి 105 చూపించడం. జీపు డ్యాష్‌బోర్డు మీద పడి ఉన్న పాదరసపు థర్మామీటర్ అక్కడి వేడికే పైకెక్కి, గొట్టంలోని సన్నని నొక్కు వల్ల తనంతట తాను దిగదు. విదిలించి దించినా, గాలి 41 డిగ్రీల సెల్సియస్ ఉంటే చంకలో పెట్టేలోపే మళ్లీ ఎక్కుతుంది. బల్బును కుండ నీళ్లలో ఒక నిమిషం ఉంచి, 95 కిందికి విదిలించి, తుడిచి వెంటనే పెట్టాలి.

చలిలో ఇదంతా తలకిందులవుతుంది. కేదార్‌నాథ్ యాత్రలో తడిసి వణికిన మనిషికి డిజిటల్ థర్మామీటర్ ఎల్ అనే అక్షరం చూపిస్తే మనవాళ్లు బ్యాటరీ మారుస్తారు. మామూలు డిజిటల్ థర్మామీటర్ 90 ఫారెన్‌హీట్ దాపున మొదలవుతుంది, అంతకు కింద ఉన్నదాన్ని అది చూడలేదు; చలికి గడ్డకట్టిన చంక లోపలి వేడిని ఎలాగూ చెప్పదు. లోపలి వేడి 95 కిందికి పోతేనే ప్రమాదం మొదలైనట్టు. వణుకు ఆగిపోయి మత్తుగా మాట్లాడుతుంటే కోలుకుంటున్నాడని మురిసిపోకుండా, తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టి, కుదుపు లేకుండా ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ అవసరమైతే అన్నవాహికలోకి ప్రోబ్ పంపి గుండె పక్కన వేడిని కొలుస్తారు, ఎందుకంటే మలద్వారంలోని అంకె గుండె వేడి కంటే వెనకబడి కదులుతుంది.

నుదుటికి గురిపెట్టే థర్మామీటర్ గన్నుల్లో చాలావాటిపై చుట్టూ గాలి 40 డిగ్రీల సెల్సియస్ లోపు ఉన్నప్పుడే వాడాలని రాసి ఉంటుంది, కనుక మే నెలలో గని దగ్గర వాటిని సంచిలోంచి తీయనే వద్దు. చెవి థర్మామీటర్‌కు అడ్డుపడే గులిమి, పాత బ్యాటరీ, పగిలిన మొన వల్ల అంకె తప్పడం నాకు చాలా అరుదుగా తగిలింది. వాటిని మనిషి తేరుకున్నాక చూసుకోవచ్చు.