ఫైల్లో కాగితాలు కుదరడం లేదా? ముందు స్కేలు తీయండి

ఫైలు సరిగా రాకపోతే ఆఫీసులో అందరూ పంచింగ్ మిషన్‌నో స్టాప్లర్‌నో తిడతారు. చాలాసార్లు మిషన్‌లో లోపమేమీ ఉండదు. కాగితం ఒక కొలత, దాన్ని పట్టుకోవాల్సిన వస్తువు ఇంకో కొలత అయి ఉంటాయి. కొత్తది కొనేముందు కింది లక్షణాల్లో మీది ఏదో చూసుకోండి.

ప్రింటులో అడుగు భాగం రాలేదు

ఫారం లీగల్ సైజుది, ట్రేలో ఉన్నది ఏ4. లీగల్ 216×356 మి.మీ., ఏ4 210×297. పొడవులోనే 59 మి.మీ. తేడా. సాధారణంగా సంతకం, తేదీ ఉండేది అక్కడే కాబట్టి ఫారం వెనక్కి వస్తుంది. ప్రింట్ సెట్టింగుల్లో 'ఫిట్' పెడితే అంతా పడుతుంది గానీ 83 శాతానికి కుదించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 10 అవుతుంది. పెద్దవాళ్లు చదివి సంతకం పెట్టాల్సిన కాగితమైతే లీగల్ కాగితం మీదే తీయండి. అమెరికా యూనివర్సిటీల పీడీఎఫ్‌లు మామూలుగా లెటర్ సైజులో, అంటే 216×279లో ఉంటాయి. వాటికి 'ఫిట్' చాలు.

బెజ్జాలు కలవడం లేదు, కాగితం ఒకవైపు జారి వేలాడుతోంది

ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. రెండు బెజ్జాల ఫైళ్లలో బెజ్జానికీ బెజ్జానికీ మధ్య 80 మి.మీ., అంచు నుంచి 12 మి.మీ. ఉండాలని ఐఎస్ఓ 838 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. మన పంచింగ్ మిషన్లు చాలావరకు ఈ లెక్కే. ఇక మిషన్ పక్కనుంచి బయటికి లాగే చిన్న స్కేలు చూడండి. దాని మీద ఏ4, ఏ5తో పాటు 888 అనే గుర్తు ఉంటుంది. అది నాలుగు బెజ్జాల ఫైలు కోసం: ఒక్కో బెజ్జానికి మధ్య 80, 80, 80. స్కేలు పొరపాటున 888 దగ్గర ఆగితే బెజ్జాలు మధ్యలో పడాల్సింది పోయి సరిగ్గా 80 మి.మీ. పక్కకి పడతాయి. ఏ4 గుర్తుకి జరిపితే సరిపోతుంది. స్కేలు లేని మిషన్ అయితే కాగితం అంచుని మధ్యకి కొద్దిగా మడిచి, ఆ గీతని మిషన్ మధ్య ఉన్న గుర్తుకి ఆనించండి. కట్టంతా ఒకేసారి దూర్చొద్దు. పది కాగితాల చొప్పున కొడితే వరస చెదరదు.

అమెరికా నుంచి వచ్చిన బైండర్‌కి మూడు రింగులు, మధ్య దూరం 108 మి.మీ. మన మిషన్‌తో కొట్టిన బెజ్జాలు దానికి పట్టవు. పైగా లెటర్ కన్నా ఏ4 18 మి.మీ. పొడవు కాబట్టి బయటికి పొడుచుకొస్తుంది. ఆ బైండర్‌ని లెటర్ కాగితాలకే ఉంచుకుని, ఇక్కడి కాగితాలకి రెండు రింగులదే కొనండి.

స్టాప్లర్ పిన్ను లోపలికి దిగడం లేదు

పిన్నుల పెట్టె మీద ఉండే 24/6లో 24 అంటే తీగ మందాన్ని తెలిపే నంబరు, 6 అంటే కాలు పొడవు మి.మీ.లో. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాముల) కాగితం మందం సుమారు 0.1 మి.మీ. కాబట్టి 20 కాగితాలంటే 2 మి.మీ.; మిగిలిన కాలు మడతకి చాలుతుంది. వంద కాగితాలకి 23/13 పట్టే పెద్ద స్టాప్లర్ కావాలి. నంబర్ 10 పిన్నులు చిన్న స్టాప్లర్‌కే. పెద్దదాంట్లో వేస్తే ఇరుక్కుంటాయి. పిన్ను దిగినా కాళ్లు లోపలికి కాక బయటికి పరుచుకుంటే, అడుగున ఉన్న చిన్న ఇనుప పలక తిరిగిపోయింది. దాన్ని కిందినుంచి నొక్కి వెనక్కి తిప్పండి.

బైండర్ క్లిప్పు జారి ఎగురుతోంది

క్లిప్పులు 19, 25, 32, 41, 51 మి.మీ. వెడల్పుల్లో దొరుకుతాయి. కట్ట మందం క్లిప్పు వెడల్పులో మూడో వంతు దాటకుండా చూసుకోండి. 32కి వంద కాగితాలు హాయిగా పడతాయి. రెండొందలైతే కట్టని రెండు చేయండి.