సింగపూర్ హాకర్ సెంటర్ పాఠాలు – 4: కొసోంగ్ అంటే ఏది సున్నా?

హాకర్ సెంటర్లలో, అంటే చవక తిండి స్టాళ్ళన్నీ ఒకేచోట ఉండే చోట్ల, కాఫీ, టీ అడగడానికి పోయిన పాఠం చివర పది మాటలు ఇచ్చి, కలుపుకొని వాడుకోండి అని వదిలేశాను. కోపి, తే, ఓ, సి, కొసోంగ్, సియూ దాయ్, గా దాయ్, గావ్, పో, పెంగ్. అలా వదలకుండా ఉండాల్సింది. కొసోంగ్ అని గట్టిగా చెప్పినా తియ్యగానే వచ్చిందని కొందరు, పాలున్న కాఫీ అడిగితే నల్లటి డికాక్షన్ చేతికిచ్చారని ఇంకొందరు, స్ట్రాంగ్‌గా కావాలంటే పాకంలా తెచ్చారని మరికొందరు. అందుకే ఈసారి చెబుతానన్న ఎకానమీ రైస్ (వరసగా పెట్టిన కూరల్లోంచి ఎంచుకొని అన్నంతో పెట్టించుకునే భోజనం) పక్కన పెడుతున్నాను. తాగేది సరిగ్గా అడగలేనివాళ్ళు తినేది అంతకంటే సరిగ్గా అడగలేరు.

ఎక్కువగా తడబడింది కొత్తవాళ్ళు కాదు. ఒకప్పుడు సింగపూర్‌లో ఐదారేళ్ళు ఉండి, ఇప్పుడు వారం రోజుల కోసం తిరిగి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ చెవికి ఈ మాటలన్నీ తెలుసు, నోటికి తెలియవు. అప్పట్లో బ్లాక్ కింద కాఫీ షాపు అంకుల్ మొహం చూడగానే కలిపేసేవాడు. ఆఫీసు దగ్గర తోటి ఉద్యోగులు అందరికీ కలిపి ఆర్డర్ చెప్పేసేవాళ్ళు. ఇప్పుడు కౌంటర్ వెనక వేరే మనిషి, వెనక క్యూ, పక్కన చెప్పిపెట్టేవాళ్ళు లేరు. మీరు ఆ కోవలోవాళ్ళయితే, తెలుసులే అనుకోకుండా మొదటి నుంచీ చదవండి.

ముందు కప్పులో ఏం పడుతుందో చూద్దాం. పొడవాటి గుడ్డ సంచిలో వడకట్టిన చిక్కటి డికాక్షన్, దానిమీద వేడినీళ్ళు. ఆ పైన మూడు దారులు. ఏమీ అనకుండా ఉత్త 'కోపి' అంటే కండెన్స్‌డ్ మిల్క్. 'ఓ' అంటే పాలు లేవు, చక్కెర ఉంది. 'సి' అంటే ఎవాపరేటెడ్ మిల్క్ (తీపి కలపని చిక్కటి పాలు), విడిగా చక్కెర. 'తే', అంటే టీ, కూడా ఇంతే: తే, తే-ఓ, తే-సి. ఓ అంటే హొక్కియెన్ అనే చైనీస్ యాసలో నలుపు. కొసోంగ్ మలయ్ మాట, సున్నా, ఖాళీ అని. పెంగ్ అంటే ఐసు. ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఇబ్బందంతా ఇక్కడుంది. కండెన్స్‌డ్ మిల్క్‌లో సుమారు సగం బరువు చక్కెరే. అంటే ఉత్త కోపిలో పాలకూ తీపికీ ఒకటే కొళాయి. తీపి తగ్గించాలంటే పాలు తగ్గాల్సిందే. 'కోపి సియూ దాయ్' అంటే తీపి తక్కువ అనే కదా అని అడుగుతారు, కప్పు ముదురు రంగులో వస్తుంది, 'పాలు సరిగా పొయ్యలేదు' అని నొచ్చుకుంటారు. పొయ్యలేదు నిజమే, మీరే వద్దన్నారు. కోపి-సిలో రెండు కొళాయిలు: పాలది వేరు, చక్కెరది వేరు. అక్కడ 'సియూ దాయ్' అంటే చక్కెర మాత్రమే తగ్గుతుంది, పాల రంగు అలాగే ఉంటుంది.

ఇప్పుడు కొసోంగ్. ఎక్కడ చూసినా 'కొసోంగ్ అంటే చక్కెర లేకుండా' అని ఒక్క ముక్కలో రాసిపారేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళు ఆ ముక్క నమ్ముకొని వెళ్ళి కండెన్స్‌డ్ మిల్క్ తాగి వస్తున్నారు. నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఇది, కాబట్టి కాస్త సాగదీసి చెబుతాను.

కొసోంగ్‌కు చక్కెరతో పుట్టుకతో సంబంధం లేదు. ప్రాటా (మన పరోటా లాంటిది) స్టాల్‌లో 'ప్రాటా కొసోంగ్' అంటే లోపల గుడ్డు, ఉల్లిపాయ, ఇంకేమీ పెట్టని ఉత్త ప్రాటా. కాఫీలో కొసోంగ్ అంటే 'పైన కలిపేది సున్నా' అని. ఆ పైన కలిపేది ఏమిటన్నది ముందున్న మాట చెప్పాలి. కోపి-ఓ మీద కలిపేది చక్కెర, కాబట్టి కోపి-ఓ కొసోంగ్ అంటే పాలూ చక్కెరా లేని నల్లకాఫీ. కోపి-సి మీద విడిగా వేసేది చక్కెర, కాబట్టి కోపి-సి కొసోంగ్ అంటే పాలున్నాయి, చక్కెర లేదు. రెండూ స్పష్టం. మరి ఓ, సి రెండూ లేకుండా 'కోపి కొసోంగ్' అంటే? ఉత్త కోపిలో తీపి పాలలోనే ఉంది. సున్నా చేయాల్సింది పాలనా, పైన ఏమైనా వేస్తే ఆ చక్కెరనా?

మూడు జరగొచ్చు. స్టాల్ మనిషి తీరిగ్గా ఉంటే 'ఓ ఆ, సి ఆ?' అని అడుగుతాడు, బతికిపోతారు. రద్దీలో ఉంటే పాలు కూడా తీసేసి కోపి-ఓ కొసోంగ్ ఇస్తాడు. లేదంటే కండెన్స్‌డ్ మిల్క్ పోసి, పైన చక్కెర వెయ్యకుండా ఇస్తాడు. మూడింట్లో ఏదీ అతని తప్పు కాదు. అడిగిన మాటకు ఒకటికి మించి అర్థాలున్నాయి, అతనికి తట్టింది అతను ఇచ్చాడు. కాబట్టి ఓ గాని సి గాని ముందు లేకుండా కొసోంగ్ అన్న మాట మీ నోట రాకూడదు. తే కొసోంగ్ కూడా అంతే, తే-ఓ కొసోంగ్ అనండి లేదా తే-సి కొసోంగ్ అనండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళను తీసుకెళితే ఈ ఒక్క నియమం కాగితం మీద రాసి వాళ్ళ జేబులో పెట్టండి. మిగతా పాఠం మరిచిపోయినా ఫరవాలేదు. ఇంకొకటి, గింజలను సంప్రదాయంగా చక్కెర, వెన్న లేదా మార్జరిన్ వేసి వేయిస్తారు. పాలపదార్థాలు బొత్తిగా ముట్టనివాళ్ళు కోపి-ఓ అనగానే నిశ్చింతగా తాగెయ్యకుండా వేయింపు సంగతి అడగాలి.

ఇక మాటల వరుస. ముందు కోపియా తేయా, తర్వాత పాల మాట, తర్వాత చిక్కదనం, తర్వాత తీపి, ఆఖరున ఐసు. 'కోపి-సి గావ్ సియూ దాయ్ పెంగ్': ఎవాపరేటెడ్ పాలు, చిక్కగా, తీపి తక్కువ, ఐసుతో. నడిమి రెండూ అటూ ఇటూ అయినా అర్థం చేసుకుంటారు. పాల మాట మాత్రం కోపికి అంటుకొనే ఉండాలి. 'కోపి పెంగ్... ఓ' అని ఆఖర్న గుర్తు తెచ్చుకొని చెబితే అప్పటికే గ్లాసులో కండెన్స్‌డ్ మిల్క్ పడి ఉంటుంది. కప్పు నింపేవాడు మీ మాట పూర్తయ్యేదాకా ఆగడు, వింటూనే చేతులు కదుపుతాడు.

గావ్ అంటే డికాక్షన్ ఎక్కువ, నీళ్ళు తక్కువ. పో అంటే దానికి తిరగేసి. రెంటికీ తీపితో పని లేదు. చేదు ఎక్కువైంది అనిపిస్తే చక్కెర పెంచకండి, పో అడగండి. పాకంలా వచ్చిందన్నవాళ్ళ సంగతి ఇక్కడే తేలింది: 'గావ్' అనబోయి 'గా' అన్నారు, అవతల 'గా దాయ్' అని వినబడింది, అంటే తీపి ఎక్కువ. గావ్‌లో చివరి వకారం పెదవులు గుండ్రంగా చుట్టి పూర్తిగా పలకండి.

ఉచ్చారణలో మనకు ఒక లాభం, ఒక చిక్కు. లాభం: 'కోపి'లో క, ప, 'తే'లో త అచ్చంగా మన తెలుగు క, ప, త లే, ఊపిరి వదలని హల్లులు. ఇంగ్లిషువాళ్ళు తంటాలు పడేది మనకు ఉగ్గుపాలతో వచ్చింది. 'టీ' అనకండి, హాయిగా 'తే' అనండి. చిక్కు: మనది అజంత భాష. ఏ మాటనైనా అచ్చుతో ముగిస్తేగాని నోరు ఊరుకోదు. పెంగ్ కాస్తా 'పెంగు', కొసోంగ్ కాస్తా 'కొసోంగు' అయిపోతాయి. వినేవాడికి ఆ చివరి ఉకారం ఇంకో మాట మొదలైనట్టు తోస్తుంది. ముక్కులోనే ఆపెయ్యండి. అలాగే 'కోపి-ఓ' దగ్గర సంధి చెయ్యకండి. 'కోప్యో' అంటే గోలలో ఓ మాయమై ఉత్త కోపి అయిపోతుంది. కోపి, చిన్న విరామం, ఓ.

ఐసు విషయం. వేడి కోపిలో కండెన్స్‌డ్ మిల్క్ చాలాచోట్ల అడుగునే ఉంటుంది, చెంచా మీకిస్తారు. పూర్తిగా కలపకుండా తాగితే తీపి మీ చేతిలోనే ఉంటుంది, సియూ దాయ్ అనాల్సిన పని కూడా లేదు. పెంగ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఐసు కరిగి పలచబడుతుందని తీపి ముందే దండిగా వేసి, కలిపి పోస్తారు. అందుకని వేడిదానికి మామూలు తీపి చాలేవాళ్ళు కూడా పెంగ్‌కు సియూ దాయ్ చేర్చండి. నా వరకు ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకు దగ్గరగా వచ్చేది 'కోపి-సి గావ్ సియూ దాయ్', వేడిగా, ఉదయం పూట. ఉత్త కోపి మధ్యాహ్నం భోజనం తర్వాతే బాగుంటుంది.

మలయ్, ఇండియన్ ముస్లిం స్టాళ్ళలో కొన్ని మాటలు మారతాయి. పెంగ్ బదులు 'ఐస్', సియూ దాయ్ బదులు 'కురాంగ్ మానిస్'. నిమ్మరసం పిండిన చల్లటి పాలులేని టీ 'తే-ఓ ఐస్ లిమావ్'. అల్లం పాల టీ 'తే హాలియా'. ఎత్తు నుంచి రెండు పాత్రల మధ్య వంచి నురగ తెప్పించేది 'తే తారిక్', దాన్ని కూడా కండెన్స్‌డ్ మిల్క్‌తోనే చేస్తారు, కాబట్టి పైన చెప్పిన ఒకే కొళాయి లెక్క దీనికీ వర్తిస్తుంది.

కాఫీతో పాటు కాయా టోస్ట్ తీసుకొనే శాకాహారులకు ఒక్క మాట. కాయా కొబ్బరిపాలు, పందాన్ ఆకులతో చేసే జామ్ లాంటిదే, కానీ అందులో గుడ్లు పడతాయి. సెట్ అంటే పక్కన రెండు సగం ఉడికిన గుడ్లు ఎలాగూ వస్తాయి.

తిరిగి వెళ్ళినవాళ్ళకు మారినవి రెండు. ఒకటి, ట్రే. మీరున్న రోజుల్లో తాగిన కప్పు బల్ల మీద వదిలి లేచిపోయేవాళ్ళు. 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో, 2022 జనవరి 1 నుంచి కాఫీ షాపులు, ఫుడ్ కోర్టుల్లో అది నేరం. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 సింగపూర్ డాలర్లు, ఆ పైన కోర్టు. వాడిన టిష్యూ కాగితం వదిలినా లెక్కే. ట్రే పెట్టే అరల దగ్గర హలాల్‌కు వేరే అర ఉంటుంది, బోర్డు చూసి పెట్టండి. బల్ల పట్టుకోవడానికి టిష్యూ పొట్లం పెట్టే 'చోప్' మాత్రం అలాగే ఉంది.

రెండోది డబ్బు. పాత బ్యాంకు ఖాతా మూసేసి వచ్చినవాళ్ళకు పేనౌ (అక్కడి ఖాతా నుంచి ఫోన్‌తో చెల్లించే పద్ధతి) పనిచెయ్యదు, చాలా డ్రింక్ స్టాళ్ళలో విదేశీ కార్డు గీకరు. రెండు, ఐదు డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. ఒకటిన్నర డాలర్ కాఫీకి యాభై డాలర్ల నోటు ఇస్తే మీ వెనక క్యూ మొత్తం ఆగుతుంది. బయల్దేరే ముందు ఆ సెంటర్ ఆ రోజు తెరిచి ఉందో లేదో చూసుకోండి. శుభ్రత పనుల కోసం ఏడాదిలో కొన్ని రోజులు సెంటర్ మొత్తం మూసేస్తారు, తేదీలు నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ముందే ప్రకటిస్తుంది. పాత ఇష్టమైన స్టాల్ కోసం మండుటెండలో నడిచి, మూసిన షట్టర్ చూసి రావడం ఎందుకు?

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను.

ఇంట్లో: కింది నలుగురి ఆర్డర్ ఒక్క ఊపిరిలో, కాగితం చూడకుండా, పాల మాట చెదరకుండా చెప్పండి. తాతగారికి షుగర్, పాలు కావాలి, వేడిగా. అమ్మకు పాలు వద్దు, తీపి తక్కువ, పలచటి టీ. తమ్ముడికి కండెన్స్‌డ్ మిల్క్‌తో చిక్కటి కాఫీ, ఐసుతో, తీపి తక్కువ. మీకు పాలూ చక్కెరా లేని కాఫీ, ఐసుతో. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎక్కడైనా 'పెంగు' వినబడితే మళ్ళీ మొదటి నుంచి. ఇరవైసార్లకు తక్కువ కాకుండా.

అక్కడికి వెళ్ళాక: మొదటి రోజు పొద్దున టెక్కా సెంటర్‌లో, జనం పలచగా ఉన్నప్పుడు ఒక్క కప్పు. రెండో రోజు మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో రెండు రకాలు. మూడో రోజు ఆమోయ్ స్ట్రీట్ ఫుడ్ సెంటర్‌లో, పనిరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు, ఆఫీసు జనం మధ్య పై నలుగురి ఆర్డర్ మొత్తం. అక్కడ అంకుల్ మిమ్మల్ని తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాలుగు కప్పులూ పెడితే 5వ పాఠానికి రండి, ఎకానమీ రైస్ మొదలుపెడదాం. అడిగితే ఏ మాట దగ్గర ఆపాడో గుర్తు పెట్టుకోండి. నూటికి తొంభైసార్లు ఓ, సి దగ్గరే.

సరిచూసుకోవడానికి జవాబులు: కోపి-సి కొసోంగ్. తే-ఓ పో సియూ దాయ్. కోపి గావ్ సియూ దాయ్ పెంగ్. కోపి-ఓ కొసోంగ్ పెంగ్. తమ్ముడి గ్లాసు మామూలుకంటే నల్లగా వస్తే వెనక్కి పంపకండి, ఎందుకో మీకిప్పుడు తెలుసు.